నాన్న గింజ ఎందుకు కొరికేవాడు?

సంపాదకులకు,

పితృదినోత్సవం జూన్ మూడో ఆదివారం వస్తుంది. మృగశిర కార్తె నడిచేదీ అప్పుడే. తండ్రి కాలం చేశాక సేద్యం అందుకున్న కొడుకులూ కూతుళ్లూ ఆ రోజుల్లో విత్తనం మూట విప్పుతారు. ఆయన ఫొటోకి దండ మార్చడం మరిచినా, ఆయనలాగే గింజ నోట్లో వేసుకుని కొరకడం మాత్రం మరవరు. అలవాటు వచ్చినంత తేలిగ్గా దాని వెనక కారణం రాదు. మన రైతు తండ్రుల్లో ఎక్కువమంది ‘చేస్తుంటే చూడు’ అన్నవాళ్లే, ఎందుకో చెప్పినవాళ్లు తక్కువ.

కొరకడమంటే తేమ చూడటం. ఎండిన గింజ కటుక్కున విరుగుతుంది, తేమ ఉంటే పంటి కింద నలుగుతుంది. విత్తన వడ్లలో తేమ 13 శాతం, కంది, వేరుశనగల్లో 9 శాతం మించకూడదు. పంటికి అంకె తెలియదు గానీ తేడా తెలుస్తుంది. ఆ పని చేయాల్సింది నిల్వ పెట్టే ముందు. విత్తేనాడు కొరికి లాభం లేదు. పైగా తండ్రి కొరికింది ఇంటి విత్తనం. ఇప్పుడు దుకాణంలో కొనే రంగు గింజలకు శిలీంధ్రనాశిని పట్టించి ఉంటుంది. వాటిని నోట్లో పెట్టుకోవడం ప్రమాదం.

పురుగు పట్టకుండా విత్తనంలో వేసే వేపాకు సంగతీ ఇంతే. తండ్రి వేసేది నీడన ఎండిన ఆకు, అదీ గింజలు దాచే, గాలాడే వెదురు గుమ్మిలో. పిల్లలు పచ్చి కొమ్మలు తుంచి ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి మూత బిగిస్తున్నారు. ఆకు తేమ, గింజ తేమ లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. కందిని తొలిచే పుచ్చు పురుగు చేనులో ఉండగానే కాయ మీద గుడ్లు పెడుతుంది. అందుకే సంచి ఎంత గట్టిగా కట్టినా ఆగదు. బాగా ఎండబెట్టి, కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టించి దాచాలి.

వేరుశనగ విత్తనాన్ని కాయగానే ఉంచి, విత్తే ముందు ఒలిచేవారు. ముందే ఒలిస్తే పొర చిట్లి, పప్పు బద్దలై మొలక దెబ్బతింటుంది. ఇది ఓపిక పని కాబట్టి పిల్లలు మొదట వదిలేసేదీ ఇదే.

అన్నిటికంటే నష్టం పదును దగ్గర, అంటే విత్తడానికి చాలినంత నేల తడి చూసుకునే దగ్గర. ‘మా నాన్న మృగశిరలోనే వేసేవాడు’ అని తొలి జల్లుకే వేస్తారు. ఆయన కార్తె ఒక్కటే చూడలేదు. చేత్తో మట్టి తవ్వి జానెడు లోతు తడిసిందో లేదో చూసి, పిడికిట్లో ముద్ద కట్టాకే విత్తే గొర్రు కట్టేవాడు. పైపై తడికి మొలిచిన పైరు ఆ తర్వాత వానలు మొహం చాటేస్తే ఎండిపోతుంది, విత్తనం రెండోసారి కొనాలి.

ఇంటి విత్తనం వాడేవారు పది రోజుల ముందే వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టి చూడాలి. వడ్లు 80, కంది 75, వేరుశనగ 70 మొలవకపోతే వేరే విత్తనం వెతుక్కోవడం మేలు.

ఇంకొక మాట. నాన్న పేరున చెలామణీ అయ్యే ఈ పనుల్లో సగం అమ్మ చేతివే. విత్తనం ఏరడం, ఆరబెట్టడం, గుమ్మికి పేడమట్టి మెత్తడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల పని. ఆమె ఉంటే కార్తె దాటకముందే కూర్చోబెట్టి అడగండి, చెప్పింది రాసిపెట్టుకోండి.

– విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి, మహబూబ్‌నగర్