పాత స్పోర్ట్స్ కారు కొనేముందు ఇవి చూసుకోండి

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక జిల్లా పేజీల్లో వచ్చే పాత కార్ల ప్రకటనల గురించి ఈ ఉత్తరం. పోలో జీటీ టీఎస్‌ఐ, అబార్త్ పుంటో, తొలి తరం ఆక్టేవియా ఆర్‌ఎస్, అప్పుడప్పుడు ఓ ఆడి టీటీ, పోర్షె బాక్స్‌స్టర్. ఇలాంటి బండ్లకు ‘సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్’ అని రెండు ముక్కలు వేసి ఫోన్ నంబరు ఇస్తారు. కొత్తగా ఉన్నప్పుడు పెద్ద ధర పలికిన కారు మామూలు హ్యాచ్‌బ్యాక్ రేటుకే వస్తోందంటే కుర్రాళ్ల మనసు లాగడం సహజం. కానీ కారు ధర పడిపోయినా దాని స్పేర్ల ధర పడిపోదు. క్లచ్ సెట్టు, టర్బో, బ్రేక్ డిస్కులు, అన్నీ ఆ కారు కొత్తప్పటి స్థాయికి తగ్గట్టే ఉంటాయి. కొనడం ఒక ఎత్తు, దాన్ని మేపడం ఇంకో ఎత్తు. అందుకే డబ్బు చేతులు మారకముందు ఏమేం చూడాలో తిరుపతి, చిత్తూరు పాఠకుల కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దగ్గర అమ్మకానికి వచ్చే ఇలాంటి బండ్లలో చెన్నై, బెంగళూరు నుంచి వచ్చేవి చాలా ఉంటాయి. చెన్నై 2015 డిసెంబరులో మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. 2021 నవంబరులో మన తిరుపతి వీధులే ఏరులయ్యాయి. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాటి లోతు నీళ్లు చాలు, లోపలికి వచ్చేస్తాయి. అలా నానిన కారును కడిగి, ఆరబెట్టి, పాలిష్ కొట్టి పక్క రాష్ట్రంలో అమ్మేస్తే కొన్నవాడికి ఆ సంగతి తెలిసేది నెలల తర్వాత, వైరింగ్ ఒక్కొక్కటిగా మొరాయించినప్పుడు.

దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగండి. రీలు లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూరెడు పట్టీని ఎవరూ సరిగా కడగరు. అక్కడ మట్టి చార కనిపిస్తే ఇక బేరం ఆడొద్దు. సీటు కింది పట్టాలు, బోల్టులు తుప్పుపట్టాయా చూడండి. కార్పెట్ అంచు ఎత్తి దాని కింది ఫోమును గట్టిగా నొక్కండి, చేతికి తడి తగలకూడదు. స్టెప్నీ గుంతలో, హెడ్‌లైట్ల లోపల సన్నటి ఒండ్రు ఉందేమో చూడండి. ఫ్యూజు బాక్సు తెరిచి ఒకట్రెండు కనెక్టర్లు ఊడదీయండి. పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే నీళ్లు తగిలినట్టే. సన్‌రూఫ్, టాప్‌లెస్ కార్లలో వరద రాకున్నా ఇదే తంటా వస్తుంది. నీళ్లు దిగే గొట్టాల్లో ఆకులు, దుమ్ము పేరుకుంటే నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. కొన్ని జర్మన్ కార్లలో కంట్రోల్ మాడ్యూల్ ఉండేది కూడా సరిగ్గా అక్కడే. సన్‌రూఫ్ మూలల్లో చిన్న గ్లాసెడు నీళ్లు మెల్లగా పోస్తే అవి కారు కింద నుంచి బయటికి రావాలి.

ఇక ఇంజిన్. మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి, ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయండి. చైన్ చప్పుడు, వాల్వ్ సీళ్ల పొగ లాంటి లోపాలు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే బయటపడతాయి.

స్టార్ట్ చేసేముందే ఆయిల్ డిప్‌స్టిక్, ఆయిల్ మూత, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బా చూడాలి. మూత అడుగున మీగడలా తెల్లటి జిగురు దండిగా ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయన్నమాట. కూలెంట్ దగ్గర ఇంకాస్త ఆగండి. మన జిల్లాల్లో బోరు నీళ్లు గట్టి నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసి నడిపేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలు నీళ్లు కలిసేకొద్దీ పలచబడతాయి, అప్పుడు అల్యూమినియం హెడ్డును, వాటర్ పంపును లోపల తుప్పు తినేస్తుంది. మామూలు కారు దీన్ని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. టర్బో ఇంజిన్ ఓర్చుకోదు. దానికి పుట్టే వేడి ఎక్కువ, బానెట్ కింద గాలి ఆడే చోటు తక్కువ. కాబట్టి డబ్బాలో ద్రవం గులాబీయో, పచ్చో, నీలమో, ఏ రంగుదైనా తేటగా ఉండాలి. మట్టి రంగులో ఉన్నా, మంచినీళ్లలా రంగు లేకుండా ఉన్నా అది చెడు గుర్తే. వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టూ ఎండిపోయిన తెల్లటి, గులాబీ మరకలుంటే అక్కడ కారుతోంది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) మీద అనుమానం వస్తే కూలెంట్ డబ్బా మూత దగ్గర నీలం ద్రవంతో పరీక్ష చేయించండి. సిలిండర్లోని పొగ కూలెంట్లోకి వస్తుంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది.

స్టార్ట్ చేశాక మొదట చెవి, తర్వాత కన్ను. టైమింగ్ చైన్ (వాల్వులు సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసు) ఉన్న ఇంజిన్లో రెండు మూడు క్షణాలకు మించి గలగలమంటే చైన్ సాగిందో, టెన్షనర్ పోయిందో అనుకోవాలి. దాని బదులు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే అది మార్చిన బిల్లు అడగండి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అంటే సరిపోదు, రబ్బరుకు వయసు కూడా లెక్కే. కంపెనీ చెప్పిన కిలోమీటర్లు, ఏళ్లు, రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని వాటర్ పంపుతో సహా ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అలాంటి చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

స్టార్ట్ కాగానే నీలం పొగ ఒక్కసారి గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే పిస్టన్ రింగులు. అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేసినప్పుడు గుప్పుమంటే టర్బో సీళ్లను కూడా అనుమానించాలి. వేడెక్కాక కూడా ఆగని, తీపి వాసనున్న తెల్ల పొగ కూలెంట్ కాలుతున్న పొగ. ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచండి. ఫ్యాను తిరగాలి, ఇంజిన్ వేడి చూపే ముల్లు మధ్యలో కదలకుండా నిలబడాలి. ఈ పరీక్ష మిట్టమధ్యాహ్నం చేస్తే ఇంకా మంచిది. మే నెల రేణిగుంట ఎండలో నిలబడలేని కారు మనకు పనికిరాదు.

కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) పరీక్ష తప్పక చేయించండి. ఇంజిన్ వేడి మీద అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు అయిదారు సార్లు తిప్పి గేజి చూస్తారు. పెట్రోలు ఇంజిన్లలో ఇది సాధారణంగా 10 నుంచి 13 బార్ మధ్య ఉంటుంది, టర్బోలో ఇంకొంచెం తక్కువ ఉండొచ్చు. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 శాతం దాటితే ఆ ఇంజిన్ విప్పాల్సి రావచ్చు. 2008 వరకు వచ్చిన బాక్స్‌స్టర్లలో ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టు బేరింగ్ ఒక తెలిసిన బలహీనత. ఆ కారైతే ఆయిల్ ఫిల్టర్ తీయించి, లోపలి మడతల కాగితం కోసి ఎండలో పరిచి చూడండి. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే అది ఇనుము, అంటే ఏదో బేరింగో గేరో అరుగుతోంది. ఒక ఫిల్టర్ ధరతో ఇంజిన్ ధర మిగిలే పరీక్ష ఇది.

నడిపి చూడటానికి టౌన్లో ఒక చుట్టు చాలదు. చిత్తూరు వాళ్లకు పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉంది, తిరుపతి వాళ్లకు భాకరాపేట ఘాట్ ఉంది. తిరుమల ఘాట్ రోడ్డును మాత్రం దయచేసి దీనికి వాడొద్దు, అది భక్తుల దారి. ఎక్కేటప్పుడు మూడో గేర్లో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కండి. ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. దిగేటప్పుడు బ్రేక్ చూడండి. స్టీరింగ్ వణికితే డిస్కులు పాడైనట్టు. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే ఆయిల్ పాతబడి మరుగుతోందని అర్థం. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, చాలా బండ్లలో ఎవరూ మార్చరు. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు గరగరమంటే సింక్రో (గేర్లు సాఫీగా కలిసేలా చేసే భాగం) అరిగింది. ఏడు గేర్ల డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, అంటే డీఎస్‌జీ ఉన్న బండిని ట్రాఫిక్‌లో పాకించండి. ఒకటి, రెండు గేర్ల మధ్య కుదుపు ఉంటే క్లచ్చో, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్టో ఖర్చు పెట్టిస్తుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెళ్తే టకటక వినిపిస్తే సీవీ జాయింటు (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కీలు) అరిగింది.

టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గీతలు లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి వానలో పట్టు ఉండదు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే నాలుగూ ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి, లేకపోతే ఆ భారం డిఫరెన్షియల్ మీద పడుతుంది.

బాడీకి పెయింటు మందం కొలిచే గేజి తెప్పించుకోండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారు, ఇంకా బాగా పెరిగితే కింద పుట్టీ ఉంది. ఒక డోరుకు రంగు వేస్తే కొంపేమీ మునగదు. బానెట్ కింది ఏప్రాన్లు (లోపలి పక్క రేకులు), డిక్కీ నేల, పిల్లర్ల దగ్గర చేతి వెల్డింగ్ కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. చెన్నై సముద్రపు గాలిలో తిరిగిన కారుకు జాకీ పెట్టే చోట్లు, బ్రేక్ పైపులు లిఫ్టు మీద ఎక్కించి చూడాలి.

స్కానర్ పెట్టించినప్పుడు ఎర్రర్లు లేవంటే సంతోషించకండి. కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే ‘రెడీనెస్’ పరీక్షలు పూర్తయ్యాయా అని మెకానిక్‌ను అడగండి. పూర్తి కాలేదంటే ఈమధ్యే ఎర్రర్లు చెరిపేసి ఉండొచ్చు. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో చూడండి. గేర్‌బాక్స్, ఏబీఎస్ మాడ్యూళ్లలో కొన్నిటికి వేరే కిలోమీటర్ల లెక్క ఉంటుంది, మీటరుతో పోల్చితే వెనక్కి తిప్పారో లేదో తేలుతుంది.

ఇంకొక్కటి, పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023కు ముందు తయారైన చాలా ఇంజిన్లు దానికోసం చేసినవి కావు. పెట్రోలు గొట్టాలు పగిలాయా, ఇంజెక్టర్ల దగ్గర వాసన వస్తోందా చూసి, పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి.

కాగితాల దగ్గర ఓపిక పట్టండి. చాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, ఆ ముద్రను ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉన్నాయో చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్సీలో అప్పు నమోదు తీసేయించే కాగితం) లేకుండా పైసా ఇవ్వొద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30. పక్క రాష్ట్రం బండికి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకుని లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. డీలరైతే ఫారం 29బి అధికార పత్రం చూపించమనండి, 2023 ఏప్రిల్ నుంచి అది ఉండాలి.

వయసు లెక్క మరవద్దు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, దిగుమతి కారైతే 40,000. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000, దిగుమతి కారైతే 80,000. స్పోర్ట్స్ కార్లలో పూర్తిగా దిగుమతైనవి చాలా ఉంటాయి కాబట్టి అది ఇక్కడ బిగించిందా, బయటి నుంచి వచ్చిందా తేల్చుకోండి. సైలెన్సర్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మార్చిన బండైతే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోవచ్చు, తీసేసిన అసలు భాగాలు కూడా ఇమ్మని అడగండి.

కారు ధరలో పాతిక శాతమైనా పక్కన ఉంచుకోలేకపోతే ఈ కొనుగోలు వాయిదా వేయడమే మేలు. ఆయిళ్లు, బెల్టు, బుష్‌లు, టైర్లకే మొదటి ఏడాది అది కరిగిపోతుంది. స్పేర్ల కోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు తిరగాల్సి వస్తుంది. ఫియట్ లాంటి కంపెనీలు దేశంలో కార్ల అమ్మకాలే ఆపేశాయి, ఆ బండి కొనేముందే క్లచ్ సెట్టు, హెడ్‌లైటు, సస్పెన్షన్ ఆర్మ్ ఎక్కడ దొరుకుతాయో ఫోన్ చేసి కనుక్కోండి.

పత్రికకు నా విన్నపం ఒక్కటే. పాత కార్ల ప్రకటన తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ నెల, సంవత్సరం, ఏ రాష్ట్రం నంబరు, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ గడువు, ఈ అయిదు వివరాలు తప్పనిసరి చేయండి. రెండు లైన్లు పెరుగుతాయి, అంతే. జిల్లా రవాణా అధికారులు కూడా పక్క రాష్ట్రాల పాత బండ్ల పేరు మార్పుకు ఏ కాగితాలు, ఎంత గడువు అన్నది తిరుపతి, చిత్తూరు ఆఫీసుల్లో తెలుగులో బోర్డు పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి.