బావా, కొత్త ట్యూన్ సంగతి

విశాఖపట్నం

బావా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ కులాసాయేనా? ఫోన్‌లో చెబితే సగంలో ఆగిపోయే సంగతి ఇది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కొత్తగా ఒకటి కడుతున్నాను. వయొలిన్, వీణ, హార్మోనియం, ఫ్లూట్, అంతే. సాహిత్యం లేదు. భక్తి సంగీతంలోంచి మాటలు తీసేస్తే ఏం మిగులుతుందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. రాగం అంటారు చాలామంది. నాకైతే జనం అందుకునే తీరు అనిపిస్తోంది. భజనలో ఒకడు ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు అర క్షణం వెనకగా అందుకుంటారు, పాదం చివర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటారు. చర్చిలోనూ అంతే. నేను రాయాలనుకునేది ఆ ఊపిరినే. గుడిగంట చప్పుడు కలిపేసి, కీబోర్డ్ మీద ఒక్క స్వరం నొక్కిపట్టి దానికి ధ్యాన సంగీతం అని పేరు పెడితే మనసుకి కష్టంగా ఉంటుంది బావా.

మన దగ్గరే ఎంత ఉందో చూడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల పైన రాగం, తాళం వేసి ఉంటాయి. పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనలు అందులోవే. ఇక సింహాచలం అప్పన్న మీద కృష్ణమాచార్యులు 13వ శతాబ్దంలో చెప్పిన సింహగిరి వచనాలైతే ఛందస్సే లేకుండా లయ పట్టుకుంటాయి. నా మొదటి భాగానికి తాళం పెట్టకపోవడానికి ధైర్యం వాటినుంచే వచ్చింది.

రెండో భాగానికి దారి చూపించింది ఎస్టోనియా స్వరకర్త ఆర్వో ప్యార్ట్. ఆయన కొన్నేళ్లపాటు పాత చర్చి గానంలో మునిగి, 1976లో ఒక పద్ధతితో బయటికొచ్చాడు. ఒక గొంతు మెట్టు మెట్టుగా నడుస్తుంది, రెండోది ఒకే కార్డ్‌కి, అంటే కలిపి పలికే స్వరాల గుంపుకి, చెందిన మూడు స్వరాలే పలుకుతుంది. దాన్ని మోహన రాగంలో పెట్టి చూశాను. వయొలిన్ స రి గ ప ద మీద నడుస్తుంది, వీణ స గ ప దాటదు. వయొలిన్ రి మీదో ద మీదో నిలబడినప్పుడు రెండిటి మధ్యా చిన్న రాపిడి. ఎంత బాగుందనుకున్నావు! కానీ గమకం వేస్తే, అంటే స్వరాన్ని ఊపితే, ఆ రాపిడి కరిగిపోతోంది. అందుకే స్వరాలన్నీ సాదాగా ఉంచి, పాదం చివర మాత్రమే గమకం రానిస్తున్నాను. మోహనకి అన్యాయం చేస్తున్నానంటావేమో, విని చెప్పు.

అందుకునే గొంతు మాత్రం నీ ఫ్లూటే కావాలి. శ్రుతి ఒకటిన్నర, దానికి సరిపోయే ఫ్లూట్ పట్టుకురా. హెడ్‌ఫోన్‌లో లయ కొట్టే క్లిక్ పెట్టకుండా, ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రికార్డ్ చేద్దాం. వచ్చే ఆదివారం కుదురుతుందా?

నీ
బావ