‘ప్రభుత్వం’, ‘ప్రజలు’: ఈ రెండు మాటలూ మా క్లాసులో నిషేధం

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ పేపర్లు దిద్దడం అయ్యేదాకా ఊపిరి సలపలేదు. వచ్చే సెమిస్టర్ నుంచి నువ్వు కూడా పబ్లిక్ పాలసీ చెప్పబోతున్నావంటే ఎంత సంతోషం వేసిందో! “ఒక విధానం వెనకాల ఎవరెవరు ఉన్నారో, ఎవరి మాట చెల్లుతుందో పిల్లలకు ఎలా పట్టించాలిరా, అదొక్కటీ చెప్పు” అని రాశావు. ఒక్కటే అన్నావు గానీ అందులో సగం కోర్సు ఉంది. ఓపిగ్గా చదువు, ఈ ఉత్తరం పెద్దదే అవుతుంది.

ముందు నాకు కనువిప్పు కలిగిన రోజు గురించి చెప్తాను. మొదటి ఏడాది ఒక కుర్రాడు, ఒక విధానం వెనక ఎవరెవరున్నారో చూపించే అందమైన చార్ట్ తెచ్చాడు. ఇరవై రెండు గుండ్రాలు, నాలుగు రంగులు, స్కేలు పెట్టి గీసిన బాణాలు. మధ్యలో పెద్ద గుండ్రంలో ‘ప్రభుత్వం’. చుట్టూ ‘ప్రజలు’, ‘కంపెనీలు’, ‘మీడియా’, ‘స్వచ్ఛంద సంస్థలు’. నేను మెచ్చుకుని మార్కులు వేయబోతూ, ఊరికే ఒక మాట అడిగాను. “ఈ ప్రతిపాదన రేపు ఆగిపోవాలంటే ఎవరు వద్దనాలి?” ‘ప్రభుత్వం’ మీద వేలు పెట్టాడు. “అందులో ఎవరు?” అన్నాను. వేలు అక్కడే ఉంది గానీ నోట మాట లేదు. తప్పు వాడిది కాదురా. ప్రభుత్వం అంటే ఒక మనిషి అన్నట్టు నేనే నెలరోజుల పాటు పాఠం చెప్పాను.

మర్నాటి నుంచి ఒక నియమం పెట్టాను, ఇప్పటికీ నడుస్తోంది. ‘ప్రభుత్వం’, ‘ప్రజలు’ అనే రెండు మాటలూ బోర్డు మీద రాయకూడదు. రాస్తే చెరిపేస్తాను. ఎవరి సంతకం కావాలో, ఎవరి దగ్గర ఫైలు ఆగుతుందో, ఎవరి జేబుకు చిల్లు పడుతుందో చెప్పగలిగేంత చిన్న పేరు రాయాలి. మొదటి వారం పిల్లలు అల్లాడిపోతారు. ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగి, తల గోక్కుంటారు. ఆ ఆగడమే నాకు కావలసింది. అక్కడే ఆలోచన మొదలవుతుంది.

ఈ పని చేయించడానికి నేను వాడే కథ ఓజోన్ ఒప్పందం. దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇప్పుడు నడుస్తున్న గొడవ ఏదైనా ఇస్తే పిల్లలు వెంటనే పక్షాలు కట్టి వాదులాడుకుంటారు, విశ్లేషణ గాలికి పోతుంది. ఓజోన్ విషయంలో ఎవరికీ కోపాలు లేవు, పైగా చివరికి ఏమైందో తెలుసు. 1974లో మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో వాడే సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని రాశారు. 1987 సెప్టెంబర్ 16న కెనడాలోని మాంట్రియల్‌లో, వాటిని తగ్గించాలన్న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. నడుమ పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో ఎవరు ఎటు లాగారు అన్నదే మా పాఠం.

పిల్లలందరికీ మొదట తోచేది ఒకటే. కంపెనీలు దుర్మార్గులు, శాస్త్రవేత్తలు మంచివాళ్లు, అయిపోయింది. అప్పుడు వాళ్ల ముందు ఒక చిక్కుముడి పెడతాను. అప్పట్లో సీఎఫ్‌సీలు అందరికంటే ఎక్కువగా తయారుచేసేది డ్యూపాంట్ అనే అమెరికా కంపెనీ. ఏళ్ల తరబడి నియంత్రణను అడ్డుకున్న పరిశ్రమలో అది ముందు వరుస. అదే కంపెనీ 1986లో అంతర్జాతీయ పరిమితులకు సరేనంది. 1988లో తయారీయే ఆపేస్తామని ప్రకటించింది. “దుర్మార్గుడు రాత్రికి రాత్రి మంచివాడైపోయాడా?” అని అడిగి కూర్చుంటాను. క్లాసు నిశ్శబ్దం. కాసేపటికి ఎవరో ఒకరు మెల్లగా అంటారు: “సార్, అమెరికా ఒక్కటే నిషేధిస్తే వీళ్లకు నష్టం, బయటి కంపెనీలకు లాభం కదా. అందరికీ ఒకే నియమం వస్తే వీళ్లకే మేలేమో?” ఇంకొకరు సీఎఫ్‌సీల బదులు వాడే వాయువుల మార్కెట్ గురించి అందుకుంటారు. మరొకరు, సైన్సు గట్టిపడ్డాక పాత మాటే పట్టుకు వేలాడితే పరువు పోతుంది కదా అంటారు. మూడింటిలోనూ నిజం ఉంది. నోటితో చెప్పే వైఖరి వేరు, దాని వెనక ఉన్న అవసరం వేరు అని నేను నోరు విప్పకుండానే వాళ్లకు అందుతుంది. అందుకే మా చార్ట్‌లో ప్రతి పేరు కిందా రెండు గీతలు ఉంటాయి. ఒకటి ‘ఏమంటున్నారు’, రెండోది ‘ఏం కావాలి’. రెండు గీతల మీదా ఒకే మాట కనిపిస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తాను.

ఇందులోనే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఒకటుంది, నువ్వు తప్పకుండా వాడు. అమెరికా, కెనడా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఒక జట్టుగా ఉండి స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీలు నిషేధించాలన్నాయి. యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపం) దేశాలు అది కాదు, ఫ్యాక్టరీల ఉత్పత్తి సామర్థ్యానికి పరిమితి పెడదామన్నాయి. బోర్డు మీద ఈ రెండు ప్రతిపాదనలూ రాసి, “ఎవరిది మంచిది?” అని ఓటు పెడతాను. చేతులు సగం సగం లేస్తాయి. ఆ తర్వాత రెండు నిజాలు చెప్తాను. మొదటి జట్టులో ముఖ్యమైన దేశాలు స్ప్రేల మీద ఆంక్షలు అప్పటికే పెట్టేసుకున్నాయి. యూరప్ ఫ్యాక్టరీల్లో వాడని సామర్థ్యం అప్పటికే బోలెడు మిగిలి ఉంది. అంటే తనకు ఖర్చు లేని నియమాన్నే ఎవరికి వారు లోకానికి ప్రతిపాదించారు! ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదన్నట్టు. ఈ పేచీ వల్లే 1985లో వియన్నాలో ఒక స్థూలమైన ఒప్పందం తప్ప, అంకెలతో కూడిన నియంత్రణ కుదరలేదు. ఈ ముడి విప్పిన క్షణంలో పిల్లల మొహాలు చూడాలిరా. ఆ రోజు నుంచి ఎవరి ప్రతిపాదన చదివినా “దీనివల్ల ప్రతిపాదించినవాడికి ఖర్చెంత?” అని వాళ్లే అడుగుతారు.

‘ప్రభుత్వం’ అనే మాట ఎందుకు చెరిపేస్తానో కూడా ఇక్కడే తెలుస్తుంది. మాంట్రియల్‌కు ముందు అమెరికా వైఖరి ఏమిటి అంటే ఒక్క జవాబు లేదు. విదేశాంగ శాఖ, పర్యావరణ సంస్థ గట్టి ఒప్పందం కావాలన్నాయి. ప్రభుత్వ భూములు, సహజ వనరులు చూసే ఇంటీరియర్ శాఖ వైపు నుంచి మాత్రం, ఓజోన్ పలచబడి ఎండలోని హానికర కిరణాలు ఎక్కువైతే టోపీలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే సరిపోతుందన్న సలహా వచ్చిందని పత్రికల్లో వచ్చి పెద్ద దుమారమే రేగింది. చివరికి అధ్యక్షుడు రీగన్ గట్టి ఒప్పందం వైపే మొగ్గాడు. ఒకే జెండా కింద కూర్చున్నవాళ్లే రెండు వైపులా లాగుతుంటే, ‘అమెరికా ప్రభుత్వం’ అని ఒక గుండ్రం గీసి బాణం ఎటు వేస్తావు చెప్పు?

‘ప్రజలు’ అనే మాటకైతే వేరే కథ చెప్తాను, క్లుప్తంగానే. 1952 డిసెంబర్ 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసిన పొగమంచు. అప్పటి లెక్కలో దాదాపు 4,000 మంది పోయారు, తర్వాతి పరిశోధనలు 12,000 దాకా అంచనా వేశాయి. ఆ పొగలో చాలా భాగం ఇళ్లలో వెచ్చదనం కోసం కాల్చే బొగ్గుదే. దగ్గుతున్నవాడూ కాలుస్తున్నవాడూ ఒక్కడే. మరి ఆ మనిషిని చార్ట్‌లో ఎటు పెడతావు? బాధితుల వైపా, అడ్డుపడేవాళ్ల వైపా? 1956లో వచ్చిన స్వచ్ఛమైన గాలి చట్టం పొగ లేని ప్రాంతాలు ఏర్పాటు చేయడంతో పాటు, పొయ్యిలు మార్చుకునే ఖర్చులో ఎక్కువ భాగం సాయంగా ఇచ్చే ఏర్పాటు కూడా ఎందుకు చేసిందో అప్పుడు అర్థమవుతుంది. మొదట బిల్లు తెచ్చింది మంత్రి కాదు, జెరాల్డ్ నబారో అనే ఒక మామూలు ఎంపీ. ఆ తర్వాతే మంత్రివర్గం తన బిల్లు తెచ్చింది.

ఇక సిద్ధాంతాల మాట. నువ్వు తప్పక అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. పలుకుబడి ఒక వైపు, ఆసక్తి ఒక వైపు పెట్టి నాలుగు గళ్లు గీసే పద్ధతి మొదట్లో పనికొస్తుంది, కానీ అక్కడే ఆగిపోకు. పలుకుబడి తక్కువ ఉన్న గడిలో పడినవాళ్లను పిల్లలు ఇక పట్టించుకోరు. అది నాకు అస్సలు నచ్చదు. 1997లో మిచెల్, ఏగిల్, వుడ్ అనే ముగ్గురు పరిశోధకులు చెప్పిన మూడు గుణాలు దీనికంటే మేలు: బలం ఉందా, అడిగే హక్కు ఉందా, తొందర ఉందా. హక్కూ తొందరా ఉండి బలం లేనివాళ్లు ఎవరో ఆ మూడు ప్రశ్నలతో బయటపడతారు. అలాంటివాళ్లు బలం ఉన్న ఇంకొకరిని పట్టుకుంటే బొమ్మ మొత్తం మారిపోతుంది. ఆల్సన్ అనే ఆర్థికవేత్త 1965లో చెప్పింది కూడా ఒక పూట చెప్పు. నష్టం కొద్దిమందికి ఎక్కువగా పడితే వాళ్లు గట్టిగా కూడతారు, లాభం కోట్లమందికి తలా కొంచెం వస్తే ఎవరూ కదలరు. చిన్న మాటే గానీ, పిల్లలు నెల తర్వాత కూడా గుర్తుచేసుకుంటూనే ఉంటారు.

ఒక్క చార్ట్‌తో మాత్రం సరిపెట్టకు. నేను నాలుగు గీయిస్తాను, నాలుగూ గోడ మీద వరుసగా అంటిస్తాం: 1974, 1985, 1987, 1990. అంటార్కిటికా మీద ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పింది 1985లో. అంతవరకు మూలన ఉన్న పేర్లు ఆ కాగితంలో మధ్యలోకి జరుగుతాయి. 1990 కాగితం దగ్గర ఇంకో గమ్మత్తు. భారత్, చైనా మాంట్రియల్ ఒప్పందంలో చేరకుండా బయట నిలబడ్డాయి. మూడు కాగితాల్లో పిల్లలు వీటిని చిన్న గుండ్రాలుగానే గీస్తారు. సొంతంగా తయారుచేసుకుంటూ పోతే మిగతావాళ్లు తగ్గించి ఏం లాభం? ఆ బయట ఉండటమే వాళ్ల బలం. 1990లో లండన్ సమావేశంలో వర్ధమాన దేశాలకు ఖర్చు భరించే నిధి ఏర్పాటు ఒప్పుకున్నాకే చైనా 1991లో, భారత్ 1992లో చేరాయి. బల్ల దగ్గర కూర్చోనివాడికీ బేరం ఆడే శక్తి ఉండొచ్చని చూసి పిల్లలు మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి మూడు కాగితాలూ దిద్దుకుంటారు. నేను చెప్పకుండానే!

ఈసారి జరిగింది ఒకటి నీకు చెప్పకుండా ఉండలేను. వెనక బెంచీలో కూర్చుని, సెమిస్టర్ అంతా పెద్దగా నోరు విప్పని అమ్మాయి ఉంది. 1990 కాగితం అంటించాక లేచి వచ్చి, ఒక చిన్న చీటీ కింద మూలన అతికించి వెళ్లి కూర్చుంది. వెళ్లి చూశాను. పెన్సిల్‌తో రాసి ఉంది: ‘ఫ్రిజ్ రిపేరు చేసే మెకానిక్’. ఎవరో నవ్వబోయారు. “ఎందుకమ్మా?” అన్నాను. “సార్, కొత్త ఫ్రిజ్‌లలో గ్యాస్ మారుతుంది. కానీ ఇళ్లలో ఉన్న పాత ఫ్రిజ్‌లు పాడైతే విప్పేది ఆయనే కదా. లోపలి పాత గ్యాస్ గాల్లోకి వదిలేస్తాడా, పట్టి పెడతాడా అన్నది ఆయన చేతిలోనే ఉంది. ఆయనకు ఎవరూ నేర్పకపోతే?” అంది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ నిధి డబ్బులో కొంత నిజంగానే మెకానిక్‌ల శిక్షణకు వెళ్లింది, ఈ సంగతి ఆ పిల్లకు తెలియదు. తనంతట తనే అక్కడికి చేరింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, లిప్స్కీ అనే రాజనీతి శాస్త్రవేత్త 1980లో చెప్పిన మాట ఎత్తుకున్నాను: కౌంటర్ దగ్గర, వీధిలో, తరగతి గదిలో జనానికి ఎదురుపడే చివరి ఉద్యోగి తీసుకునే నిర్ణయాలే ఆచరణలో విధానం అవుతాయి అని. మెకానిక్ ప్రభుత్వ ఉద్యోగి కాదు, నిజమే. కానీ విధానం అతని చేతి మీదుగానే దాటాలి. ఆ తర్వాత ప్రతి జట్టూ తన చార్ట్‌లో చివరి చెయ్యి ఎవరిదో వెతకడం మొదలుపెట్టింది.

మార్కుల సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఎన్ని పేర్లు రాశారని కాదు, ప్రతి పేరు పక్కన ఆధారం ఉందా అని చూస్తాను. ఫలానావాళ్లు వ్యతిరేకం అని రాస్తే ఎక్కడన్నారు, ఎప్పుడన్నారు? సభలో మాట్లాడారా, కమిటీ ముందు చెప్పారా, పత్రికా ప్రకటన ఇచ్చారా? బడ్జెట్ పత్రాలు కూడా తిరగేయిస్తాను. మాట ఎంతైనా ఇవ్వొచ్చు, డబ్బు ఎక్కడ పెట్టారో అబద్ధం చెప్పడం అంత తేలిక కాదు. ఊహ రాస్తే ‘ఊహ’ అని రాయాలి, అలా రాసినందుకు మార్కు తగ్గించను.

నువ్వు రోల్ ప్లే చేయించాలనుకుంటున్నానన్నావు. చేయించు, కానీ ఎవరికి ఏ పాత్ర ఇష్టమో అడగకు. తను గట్టిగా వ్యతిరేకించే పాత్రే ఇవ్వు. ఈసారి పర్యావరణం అంటే ప్రాణం పెట్టే కుర్రాడికి కంపెనీ పాత్ర ఇచ్చాను. మొదట విలన్‌లా గొంతు పెంచి మాట్లాడాడు. ఆపి, “నువ్వు రేపు వాటాదారుల ముందు నిలబడాలి, నీ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు నీ మొహం చూస్తున్నారు, ఇప్పుడు మాట్లాడు” అన్నాను. గొంతు తగ్గింది. పది నిమిషాల్లో మాంట్రియల్‌కు దగ్గరగా ఉండే ఒక రాజీ తనే ముందు పెట్టాడు. బయటికి వెళ్తూ, “సార్, వాళ్ల మీద కోపం పోలేదు గానీ ఎక్కడ నొక్కితే కదులుతారో తెలిసింది” అన్నాడు.

నువ్వు ఏ కథ తీసుకుంటావో నాకు రాయి. నాలుగు కాగితాలకు నాలుగు సంవత్సరాలు నువ్వే ఎంచుకో, నా కోసం ఓజోన్ పెట్టుకోవద్దు. ఎంచుకున్నాక ముందు నువ్వే కూర్చుని ఆ రెండు మాటలూ వాడకుండా ఒక చార్ట్ గియ్యి, ఫోటో తీసి పంపు. మా గోడ మీది నాలుగు కాగితాల ఫోటో కూడా నీకు పంపుతాను. కింద మూలన పెన్సిల్ చీటీ అలాగే ఉంది, తీయలేదు.

నీ
నేస్తం