‘మూడు గంటలకోసారి’ అనే మాట మార్చండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు జరిగాయి. మా మండలంలోనూ అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ర్యాలీ తీసి బ్యానర్లు కట్టారు. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలని, ఆరు నెలల వరకు మంచినీళ్లు కూడా పట్టొద్దని వాటి మీద రాశారు. అన్నీ నిజమే. నేను వెతికిన మాట మాత్రం వాటిలో లేదు. చంటిపిల్లకి రోజుకు ఎన్నిసార్లు పాలివ్వాలి? ఆ ఒక్కటి సరిగా తెలియక ఈ మే నెలలో మా మనవరాలు పుట్టిన తొమ్మిది రోజులకే చిక్కి సగమైంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయికి అది తొలి కాన్పు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పురుడైంది. మామూలు కాన్పే, పాప బరువు 2 కిలోల 700 గ్రాములు. మూడో రోజు డిశ్చార్జి చేస్తూ, ఫైలు చేతికిచ్చిన అమ్మాయి "మూడు గంటలకోసారి పాలు పట్టండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. ఇంటికి రాగానే మా అమ్మాయి ఫోన్‌లో అలారాలు పెట్టుకుంది. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు. చదువుకున్న పిల్ల. ఆసుపత్రిలో ఎలా చెప్పారో అలాగే చేయాలని దాని తాపత్రయం.

పొద్దున ఆరింటికి తాగిన పాప ఏడున్నరకే తల అటూ ఇటూ తిప్పుతూ నోటితో వెతికేది. పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరించేది. "ఆకలేస్తున్నట్టుంది, పట్టమ్మా" అంటే, "ఇంకా గంటన్నర ఉందమ్మా, ముందే పడితే అరగదేమో" అనేది. సరే కాబోలు అని నేనే ఎత్తుకుని తిప్పేదాన్ని, ఉయ్యాల్లో వేసి ఊపేదాన్ని. ఏడ్చి ఏడ్చి పడుకునేది. తొమ్మిదింటికి అలారం మోగాక లేపితే, అలిసిపోయి ఉండేదేమో, నాలుగు గుక్కలు తాగి మళ్లీ నిద్రలోకి జారేది. రెండు మూడు రోజులకి ఏడవడం కూడా తగ్గించేసింది. బుద్ధిమంతురాలు, రాత్రి కూడా లేవదు అని చూడటానికి వచ్చినవాళ్లకి చెప్పుకుని మురిసిపోయాం. పాపకి ఏడ్చే ఓపిక పోయిందని మాకు తట్టలేదు.

డైపర్ వేసేవాళ్లం కాబట్టి ఎన్నిసార్లు తడిపిందో లెక్క తెలిసేది కాదు. ఒకరోజు అందులో ఇటుక రంగు మరక కనబడింది. వేడి చేసిందనుకుని నేనే గ్లూకోజ్ నీళ్లు పట్టాను. అది నా తప్పు. ఆ నీళ్లతో చిన్న పొట్ట నిండి, తాగాల్సిన కాసిని పాలు కూడా తాగలేదు.

తొమ్మిదో రోజు కళ్లు పచ్చగా కనిపిస్తే టెన్షన్ పడి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాం. తూకం వేస్తే 2 కిలోల 380 గ్రాములు. మొదటి మూడు నాలుగు రోజులు పిల్లలు కొంత బరువు తగ్గడం మామూలేనని, పుట్టినప్పటి బరువులో పదో వంతుకు మించి తగ్గితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదని డాక్టరు గారు చెప్పారు. పాలు చాలినన్ని తాగకే కామెర్లు పెరిగాయన్నారు. ఆ రోజు మా అదృష్టం కొద్దీ అక్కడ ఒక పెద్దావిడ నర్సు ఉంది. మా అమ్మాయి పక్కనే కూర్చుని ఇరవై నిమిషాలు పాప తాగే తీరు చూసింది. ముచ్చిక ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించింది. అప్పుడు అడిగితే మా అమ్మాయి అలారాల సంగతి చెప్పింది. "అలా కాదు తల్లీ. పాప అడిగినప్పుడల్లా ఇవ్వాలి. అడక్కుండా పడుకుంటే, మూడు గంటలు దాటకుండా నువ్వే లేపి ఇవ్వాలి" అంది.

మూడు గంటలు అనేది ఒక హద్దు, అంతకు మించి ఆగొద్దని దాని అర్థం. మేం దాన్ని అంతవరకు ఆగాలి అని అర్థం చేసుకున్నాం. మా ఇంట్లోనే కాదు, ఆ తర్వాత నేను అడిగిన నలుగురైదుగురు బాలింతల్లో ముగ్గురు ఇలాగే అర్థం చేసుకుని ఉన్నారు.

మొదటి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. అవి సమానమైన ఎడంతో ఉండవు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు నిద్రపోయిన పిల్లే, సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంటకోసారి, ఒక్కోసారి అరగంటకే మళ్లీ అడుగుతుంది. దాన్ని చూసి పాలు చాలట్లేదని ఇంట్లో పెద్దవాళ్లం కంగారుపడి డబ్బా తెప్పిస్తాం. రొమ్ము పాలు తోడేకొద్దీ ఊరే బావి లాంటివి. బిడ్డ ఎంత తాగితే అంత పడతాయి. గడియారం చూసి ఆపినా, డబ్బా పాలు పోసినా రొమ్ములో పాలు నిలిచిపోతాయి, నిలిచిన కొద్దీ తయారవడం తగ్గుతుంది. అప్పుడు నిజంగానే చాలవు. రాత్రి పాలు మానిపించినా అంతే. పాలు పట్టించే హార్మోను రాత్రిళ్లే ఎక్కువ పనిచేస్తుందట.

చాలుతున్నాయో లేదో తెలుసుకునే లెక్క ఒకటి ఆ నర్సమ్మే చెప్పింది. అయిదో రోజు దాటాక పాప రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి, అది ముదురు రంగులో ఉండకూడదు. ఇంటికి రాగానే డైపర్లు పక్కన పెట్టి నా పాత నూలు చీరలు చింపాను. పొద్దు వాలేసరికి తీగ మీద ఆరిన గుడ్డలు లెక్కపెట్టడమే నా పని. మొదటి రోజు నాలుగు. మర్నాడు ఆరు. నాలుగో రోజుకి తొమ్మిది. ఆ తొమ్మిది గుడ్డలు మడత పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదో రోజుకి పాప పుట్టినప్పటి బరువుకి వచ్చింది. డబ్బా కొనలేదు.

మా కాలమే గొప్పదని నేననను. మా పెద్దాడు పుట్టినప్పుడు మా అత్తగారు ముర్రుపాలు పిండి పారబోయించి, వాడి నాలిక మీద తేనె రాసింది. రెండూ తప్పేనని ఇప్పుడు తెలుసు. కాకపోతే వాడు ఎప్పుడు నోరు తెరిస్తే అప్పుడు రొమ్ము అందించాను. వంట చేస్తున్నా, ఎవరితో మాట్లాడుతున్నా అంతే. ఆ అలవాటే మా పిల్లల తరానికి వచ్చేసరికి పోయింది.

పురుడు ఆసుపత్రిలో అయినా, తర్వాత ఆశా కార్యకర్త ఇంటికొచ్చి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బిడ్డను చూడాలని ఏర్పాటు ఉంది. ఏడో రోజు ఎవరైనా వచ్చి తూకం వేసి ఉంటే మాకింత జరిగేది కాదు. మా అమ్మాయి అత్తవారిది పక్క జిల్లా. పేరు అక్కడి రిజిస్టరులో ఉంది, మనిషి పురిటికి ఇక్కడికి వచ్చింది. అక్కడివాళ్లు ఇంత దూరం రాలేరు, ఇక్కడివాళ్లకి మేం చెప్పలేదు. తొలి కాన్పుకి పుట్టింటికి రావడం మన వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అలా వచ్చిన బాలింత వివరం పుట్టింటి ఊరి ఆశాకి చేరే పద్ధతి గట్టిగా ఉండాలి.

పనికి వెళ్లే తల్లుల మాట కూడా చెప్పాలి. మా చెల్లెలి కోడలు పలాసలో జీడి పిక్కల పనికి వెళ్లేది. బిడ్డకి మూడో నెల రాగానే మళ్లీ పనిలో చేరింది. చేతికంటిన జీడి రసం రుద్ది రుద్ది కడుక్కుంటే గాని బిడ్డను ముట్టుకోలేకపోయేది. బిడ్డకి 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు, 50 మంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట పిల్లల్ని ఉంచే గది చట్టంలో ఉన్నాయి. కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడపిల్లకి ఆ విరామం ఎవరు లెక్క కట్టి ఇస్తారు? పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టమని అత్తకి అప్పజెప్పి వెళ్లేది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఎండాకాలం ఆ పాలు ఎంతసేపు నిలుస్తాయి? ఆర్నెల్లు తల్లిపాలే అని బ్యానర్ కట్టేవాళ్లు ఈ తల్లుల దగ్గరికి కూడా వెళ్లాలి.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటి దగ్గర దింపుతున్నారు. ఆ బండి ఎక్కేలోపు పది నిమిషాలు ఒక నర్సు పక్కన కూర్చుని, బిడ్డ పాలు తాగే తీరు చూసి పంపాలి. ప్రైవేటు ఆసుపత్రులు కూడా డిశ్చార్జి కాగితం మీద ఈ నాలుగు ముక్కలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో పెద్దావిడకి కూడా చదివి వినిపించాలి: "బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వండి. రోజుకు 8 నుంచి 12 సార్లు. పడుకుంటే మూడు గంటలు దాటనివ్వకండి. అయిదో రోజు దాటాక తడి గుడ్డలు రోజుకు ఆరుకు తగ్గినా, ఎప్పుడైనా బిడ్డ పాలకి లేవకపోయినా వెంటనే తీసుకురండి." జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారులు ఈ ఉత్తరం చూస్తే, వచ్చే ఏడాది బ్యానర్ల మీద కూడా ఇవే వేయించమని మనవి. అప్పటిదాకా మీ జిల్లా పేజీలో ఒక మూల ఈ నాలుగు ముక్కలు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
టెక్కలి దగ్గర పల్లె, శ్రీకాకుళం జిల్లా