వెన్న కొనే ముందు ఆవు మేత అడగాలి

సంపాదక మహాశయులకు,

పచ్చిక మేసిన ఆవుల వెన్న ఆరోగ్యానికి మంచిదన్న మాట ఈమధ్య మా పర్లాకిమిడిలోనూ తరచుగా వినిపిస్తున్నది. ఆ మాటలో నిజం ఉంది. అయితే దానికోసం ఖరీదైన విదేశీ డబ్బాలు వెతకనక్కరలేదని, చుట్టుపక్కల పల్లెల వెన్ననే తెలిసి కొనుక్కుంటే చాలునని మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

పచ్చగడ్డిలోని బీటా కెరోటిన్ పాలకొవ్వులో చేరి ఆవువెన్నకు పసుపు రంగునిస్తుంది. ఎండబెట్టి కుప్ప వేసిన వరిగడ్డిలో అది చాలావరకు నశిస్తుంది. అందుకే పశువులు గట్ల మీద, కొండవాలుల్లో తిరిగి మేసే శ్రావణ భాద్రపదాల్లో వెన్న పసుపుపచ్చగా, వేలితో నొక్కగానే దిగిపోయేంత మెత్తగా ఉంటుంది. ఎండుగడ్డి, తవుడు తప్ప మరేమీ దొరకని వేసవిలో అదే ఆవు వెన్న పాలిపోతుంది. ఒమేగా-3 కొవ్వులు, సీఎల్ఏ అనే కొవ్వు ఆమ్లం కూడా పచ్చిక మేత వెన్నలోనే ఎక్కువ. దుకాణాల్లో దొరికే ఉప్పు వెన్నకు జాఫ్రా గింజల నుంచి తీసిన రంగు కలుపుతుంటారు. అది చట్టం అనుమతించిన రంగే, కాని ఏడాది పొడవునా మారని ఆ పసుపును చూసి ఆవు ఏం తిన్నదో చెప్పలేము. అలాగని తెల్లగా ఉన్నదని గేదెవెన్నను తోసిపుచ్చడమూ తగదు. గేదె కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకుంటుంది కనుక ఎంత పచ్చిక మేసినా దాని వెన్న తెల్లగానే ఉంటుంది.

కాబట్టి పశువును బయటికి తోలుతున్నారా, కట్టేసి మేపుతున్నారా అని అమ్మేవారినే అడగాలి. పాలు కాచి తోడుపెట్టారా అన్నదీ తప్పక అడగాలి, పచ్చిపాల ద్వారా బ్రుసెల్లోసిస్ వంటి జబ్బులు సోకుతాయి. ఇంట్లో చిలికిన వెన్నలో ఉప్పు ఉండదు. రక్తపోటు ఉన్నవారికి అది మేలే గాని, ఎక్కువకాలం నిలవదు కనుక వెంటనే కాచి నెయ్యి చేసుకోవడం మంచిది. ఏ వెన్నలోనైనా కొవ్వులో సగానికి పైగా సంతృప్త కొవ్వే కనుక గుండెజబ్బు ఉన్నవారు పచ్చిక పేరు విని మోతాదు పెంచరాదు. ఒమేగా-3 కావాలనుకునేవారికి చేపలు, అవిసెగింజలు ఇంతకన్నా మంచి దారి.

ఇంతకూ పచ్చిక ఉంటేనే ఈ వెన్న. ఒడిశా భూరికార్డుల్లో గోచర్‌గా, అంటే పశువుల మేతకు వదిలిన ఉమ్మడి భూమిగా, నమోదైన బీళ్లే ఊరి పశువులకు ఆధారం. గ్రామ ఉమ్మడి భూముల్లోని అక్రమ ఆక్రమణలను తొలగించే పథకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. గజపతి జిల్లాలోని గోచర్ భూములను కొలిపించి హద్దురాళ్లు నాటించాలని, ఊరివారీ జాబితాలను పంచాయతీ కార్యాలయాల్లో ఒడియాతో పాటు తెలుగులోనూ అంటించాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా