మా ఊరి నర్సమ్మగారికి, నన్ను నిలబెట్టిన మరికొందరికి కృతజ్ఞతలు

రాజోలు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెప్పే నేను, నిరుడు సంక్రాంతి ముందు నుంచి దసరా దాకా తొమ్మిది నెలలు తలనొప్పితో మంచం పట్టాను. ఇప్పుడు మళ్లీ నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను. ఇందుకు కారకులైన వారికి పేరుపేరునా నమస్కరించాలని ఉన్నా, చాలామంది తమ పేర్లు రాయవద్దన్నారు కనుక వారు చేసిన మేలు మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

పండుగకు బూజులు దులుపుతూ అటక మీది ఇత్తడి గంగాళాన్ని ఒక్కదాన్నే దించాను. మరునాడు వాకిట్లో ముగ్గు వేసి నిలబడేసరికి మెడ పట్టేసి, తల వెనుక భాగమంతా కిందికి లాగుతున్నట్టు నొప్పి మొదలైంది. చెవుల్లో నీళ్లు చేరినట్టుండి, తరగతిలో పిల్లల మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపించేవి. పడుకున్న పది పదిహేను నిమిషాలకు అంతా సర్దుకునేది, లేస్తే మళ్లీ మొదలయ్యేది. ఒకచోట కళ్లద్దాలు మార్చారు, ఒకచోట సైనస్ అన్నారు, మరొకచోట మైగ్రేన్ అన్నారు, మామూలు ఎంఆర్‌ఐలో ఏమీ కనబడకపోయేసరికి చివరకు మనసులోని దిగులే కారణమన్నారు. పడుకుంటే పోయే తలనొప్పి కూడా ఒక జబ్బేనా అని ఇంట్లో వాళ్లు అనుకుంటున్నారేమోనన్న బాధ నన్ను నొప్పికన్నా ఎక్కువగా కుంగదీసింది. రోజూ నొప్పి మాత్రలు మింగాను. నెలలో 15 రోజులు, అంతకుమించి వాటిని నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే మరో తలనొప్పి పుట్టుకొస్తుందని అప్పటికి నాకు తెలియదు.

శ్రావణంలో గోదావరి పోటు మీద ఉన్న రోజుల్లో, జ్వరాల వివరాలు రాసుకోవడానికి మా ఇంటికి వచ్చిన నర్సమ్మగారు, నేను మంచం దిగకుండానే జవాబులు చెప్పడం చూసి పక్కన కూర్చుని ఆరా తీశారు. “కాన్పు ఆపరేషన్‌కి నడుములో మత్తు సూది ఇచ్చాక కొందరు బాలింతలకు అచ్చం ఇలాగే వస్తుందండి టీచరుగారూ. లేస్తే నొప్పి, పడుకుంటే హాయి. మీకు సూది వేయకపోయినా సరే, ఈ మాట నరాల డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి” అన్నారు. ఎప్పుడు లేచానో, ఎప్పుడు నొప్పి వచ్చిందో గడియారం చూసి ఒక పుస్తకంలో రాసుకోమన్నదీ ఆవిడే. ఆ పుస్తకం మొదటి పేజీలో ఇలా ఉంది: “6.10 లేచాను. 6.25 నొప్పి. 6.40 పడుకున్నాను. 6.55 లేదు.”

మా వీధిలోని పెద్దాయన ఒకరు తన కారులో వెనుక సీటు నాకు వదిలిపెట్టి, ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ తీసుకువెళ్లారు. దారంతా పడుకునే ఉండటం వల్ల అక్కడికి చేరేసరికి నొప్పి లేదు. అంతకుముందు దూరాభారం వెళ్లి చూపించుకున్న ప్రతిచోటా జరిగింది ఇదే. నరాల వైద్యురాలు నా పుస్తకం రెండు పేజీలు తిప్పి, ఒక గంట వరండాలో కూర్చుని, కాస్త అటూ ఇటూ నడిచి రమ్మన్నారు. గంట తర్వాత గోడ పట్టుకుని లోపలికి వచ్చిన నన్ను చూసి, ఇక ఏమీ అడగకుండా మందు ఎక్కించి తీసే ఎంఆర్‌ఐ రాశారు. అందులో మెదడును కప్పి ఉండే పొర మందంగా, తెల్లగా మెరుస్తూ కనిపించింది. మెదడు కొద్దిగా కిందికి జారి ఉంది.

మెదడు, వెన్నుపాము చుట్టూ పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుందట, మెదడు అందులో తేలుతూ ఉంటుందట. వెన్ను పొరకు ఎక్కడో చిన్న చిల్లు పడి ఆ ద్రవం కారిపోతుంటే, నిలబడినప్పుడు మెదడు దిగజారి చుట్టూ ఉన్న పొరలను, నరాలను లాగుతుంది. షాల్టెన్‌బ్రాండ్ అనే జర్మన్ వైద్యుడు 1938లోనే ఈ స్థితిని వర్ణించారని డాక్టరుగారు చెప్పినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. నా నొప్పికి ‘స్పాంటేనియస్ ఇంట్రాక్రేనియల్ హైపోటెన్షన్’ (తల లోపల ద్రవం ఒత్తిడి దానంతటదే తగ్గిపోవడం) అని ఒక పేరుంది, అది నేను కల్పించుకున్నది కాదు.

చేతి నరం నుంచి తీసిన 20 మిల్లీలీటర్ల నా రక్తాన్నే నడుము దగ్గర వెన్ను పొర బయట ఎక్కించారు. అది గడ్డకట్టి చిల్లును మూస్తుందని చెప్పారు. పన్నెండు రోజులు హాయిగా ఉండి, పదమూడో రోజు నొప్పి తిరిగి వచ్చింది. విశాఖపట్నంలో వెన్నులోకి మందు పంపి సీటీ తీయగా చిల్లు ఛాతీ ఎత్తున ఉందని తేలి, రెండోసారి సరిగ్గా అక్కడే రక్తం ఎక్కించారు. ఆ రాత్రే నొప్పి తిరగబడి, ఈసారి నుదుటి మీద, పడుకుంటే ఎక్కువై వచ్చింది. నేను బెంబేలెత్తిపోతే, చిల్లు మూసుకోగానే ద్రవం ఒత్తిడి కొన్నాళ్లు పెరగడం మామూలేనని రాత్రి పనిలో ఉన్న యువ వైద్యుడు అర్ధరాత్రి కూర్చుని ఓపికగా వివరించారు. మాత్రలతో మూడు వారాలకు అదీ తగ్గింది.

వంగకూడదు, బరువులెత్తకూడదు, నడుము మెలితిప్పకూడదు అన్న ఆరు వారాలూ మా తోడికోడలు రెండిళ్ల వంటా తానే చేసింది. తోటి ఉపాధ్యాయులు నా పదో తరగతి పాఠాలు పంచుకున్నారు. అత్తగారు నా జుట్టు దువ్వి జడ వేశారు. వీరందరికీ నేను రుణపడి ఉన్నాను.

నర్సమ్మగారికి మాత్రం స్వయంగా చెప్పాలని, నిన్న ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలో వారి కూతురింటికి వెళ్లాను. నది దాటినంతసేపూ కమ్మీ పట్టుకోకుండా నిలబడే ఉన్నాను. నేను ఇవ్వబోయిన ఆ నొప్పి వేళల పుస్తకాన్ని ఆవిడ తీసుకోలేదు. ఇలాంటి నొప్పితో ఇంకెవరైనా వస్తే చూపించడానికి బడిలోనే ఉంచమన్నారు.