అడవిపిల్లి కూనలకు పశువుల మందా?

సంపాదకుడికి,

ఉయ్యూరు వైపు చెరకు నరికేటప్పుడు, డెల్టా వరికోతల్లో అడవిపిల్లి కూనలు దొరుకుతుంటాయి. ఏలికపాములు తల్లిపాల ద్వారా కూడా సంక్రమిస్తాయి కాబట్టి పాలు తప్ప ఏమీ ముట్టని కూనకూ నట్టలుంటాయి. తెచ్చినవారు జాలిపడి ముందు నట్టల మందు పట్టిస్తారు, పిడుదులకు పశువుల ఐవర్‌మెక్టిన్ పొడిపిస్తారు. అసలు ముప్పు అక్కడే.

లెక్క చూడండి. 1 శాతం ఐవర్‌మెక్టిన్ మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 250 గ్రాముల కూనకు కావలసింది 0.005 మిల్లీలీటరు. 1 మి.లీ. సిరంజిపై అతి చిన్న గీతే 0.01. సూది కొసన వేలాడే చుక్క సుమారు 0.05, అంటే పదింతలు! పసికూనల్లో మందును మెదడుకు చేరనీయని అడ్డుపొర పూర్తిగా ఏర్పడి ఉండదు. వణుకు, తూలుడు, ఆపై స్పృహ తప్పడం. కుక్కల పిడుదుల మందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లిజాతికి విషం. చెవులపిల్లి పేరుకే పిల్లి, దానికి ఫిప్రోనిల్ అనే పిడుదుల మందు ప్రాణాంతకం.

ఒళ్లు చల్లబడిన కూనకు మందూ వద్దు, పాలూ వద్దు. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను బుట్టలో ఒక పక్కనే ఉంచి మెల్లగా వెచ్చబరచాలి, తర్వాత ఒంట్లో నీరు నిలబెట్టాలి. ఈగ గుడ్లుంటే మాత్రం అప్పుడే దువ్వి తీసేయాలి, మన ఎండల్లో అవి ఒక్కరోజులో పురుగులవుతాయి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి, రేబిస్ భయం ఉండనే ఉంది.

నట్టల మందు ఏదో, ఎంతో మలపరీక్షే చెప్పాలి. 2-3 గ్రాముల మలాన్ని చిక్కటి ఉప్పునీటిలో కలిపి వడకట్టి, గొట్టం అంచు దాకా నింపి, పైన కవర్‌స్లిప్ (పలుచని గాజుముక్క) పెట్టి 10-15 నిమిషాలు ఆగితే గుడ్లు తేలి గాజుకు అంటుకుంటాయి. ఒకసారి ఏమీ కనబడలేదని సంబరపడకూడదు. లోపలి పురుగులు ఎదిగి గుడ్లు పెట్టడానికి వారాలు పడుతుంది. కాక్సిడియా (పేగుల్లో పెరిగే కంటికి కనబడని పరాన్నజీవి) అయితే గూడు శుభ్రతే సగం వైద్యం. మలంతో బయటపడ్డ దాని గుడ్లు తడి, వేడి దొరికితే 1-3 రోజుల్లో అంటించే దశకు వస్తాయి. బ్లీచింగ్‌కు చావవు, మరిగే నీళ్లు పోయాలి. మలం ఏరోజుకారోజు ఎత్తేయాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ కూనలను ఇంట్లో పెంచుకోకూడదు, అటవీ శాఖకు అప్పగించాలి. ఆ శాఖ గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలతో మాట్లాడి, ప్రతి కూనకు చేరిన రోజున ఒకటి, 2 వారాలకు మరొకటి, విడుదలకు ముందు ఇంకొకటి మలపరీక్ష చేయించే ఏర్పాటు చేయాలి. ఉప్పు, గాజుపలక, మైక్రోస్కోపు చాలు. మందుల దుకాణాల్లోనూ ఒక బోర్డు పెట్టించాలి: అడవి జంతువుల పిల్లలకు పశువుల ఇంజెక్షన్ అమ్మబడదు.

- వన్యప్రాణి సంరక్షణ వాలంటీర్లు, విజయవాడ